ఆరడుగుల అబ్బాయికి బండి కొలతలు

మా పెద్దబ్బాయి ఆరడుగుల రెండంగుళాలు. రోజూ నకిరేకల్ నుంచి నల్లగొండకు వాళ్ల నాన్న పాత బండి మీదే పోయొస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి "మోకాళ్లు గుంజుతున్నయే అమ్మా" అంటే నూనె కాచి రాసేదాన్ని. ఆరు నెలలు రాశాక తెలిసింది, తప్పు వాడి కాళ్లది కాదు, బండిదని!

కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టం కదా. బండికీ అంతే. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్ 200 4వి సీటు 825. అయితే సీటు ఎత్తు ఒక్కటే చూస్తే చాలదండీ. సీటుకూ, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టుకూ మధ్య ఎడం తక్కువైతే మోకాలు ముడుచుకునే ఉంటుంది. షోరూంలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి, హ్యాండిలు రెండువైపులా పూర్తిగా తిప్పించండి. మోకాలికి తగలకూడదు.

కొత్తది కొనే స్తోమత మాకు లేదు. సీటు కవర్లు కుట్టే కొట్టులో గట్టి ఫోమ్ అంగుళంన్నర వేయించాం, ముందు భాగానికే సుమా! వెనక కూడా ఎత్తితే చీరతో నేనెక్కేదెట్లా? సీటు లేస్తే నడుం వంగుతుందని, మెకానిక్ హ్యాండిలు బోల్టులు వదులుచేసి కాస్త పైకి తిప్పి బిగించాడు. అట్లా తిప్పాక క్లచ్చి, బ్రేకు తీగలు లాగేస్తున్నాయేమో తప్పక చూసుకోవాలి. షాకబ్జార్బర్లు మార్చి బండినే లేపమని ఒకాయన సలహా ఇచ్చాడు. నేనొద్దన్నాను. అప్పుడు సైడు స్టాండు పొట్టిదై బండి మరీ ఒరుగుతుంది.

నూనె గిన్నె పొయ్యెక్కి రెండు నెలలైంది. కాకపోతే మావారికి ఇప్పుడు కాళ్లు నేలకందవు. ఆయన బస్సులో పోతున్నారు.