మాటిమాటికీ ఆగే పడవ ఇంజను

హైదరాబాదు మాదాపూరులో అద్దాల మేడల మధ్య దుర్గం చెరువు ఉంది. కుతుబ్ షాహీల కాలములో గోల్కొండ కోటకు త్రాగునీరు ఇచ్చినది ఈ చెరువే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత దీని చుట్టూ హైటెక్ సిటీ పెరిగింది. 2020 సెప్టెంబరులో చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఈ ప్రాంతములో ఉద్యోగాలు చేసే యువతీ యువకులలో కోనసీమ, కాకినాడ, శ్రీకాకుళం తీరాల నుండి వచ్చినవారూ ఉన్నారు. నీటి మీద పడవ కనబడితే వారికి ఇంటివద్ద వేటకు వెళ్లే తండ్రి, అన్న గుర్తుకు రాక మానరు.

అలాంటి బిడ్డలు జీతములో మిగిల్చి పంపిన డబ్బుతో ఇంటివారు పాత మోటారు పడవ కొంటారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తరువాత ఇంజను ఆగడం మొదలవుతుంది. ఒకరు ప్లగ్గు మార్చమంటారు, ఇంకొకరు కార్బురేటరు మార్చమంటారు. మార్చిన రోజు నడిచి, నాలుగో రోజు మళ్లీ ఆగుతుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఒడ్డు నుండి సముద్రము మీదికి గాలి వీచే వేళ ఇంజను ఆగితే ప్రాణానికే ముప్పు. కావున ఈ సంగతులు కుటుంబమంతా తెలిసికొని ఉండుట మంచిదని మేము తలంచాము.

ఒక్కొక్కటే చూడాలి

హైటెక్ సిటీలో ప్రోగ్రాములలో తప్పులు వెదికే పిల్లలకు ఒక పద్ధతి ఉంది. తప్పు ఏ పరిస్థితిలో వస్తున్నదో ముందు గమనిస్తారు. ఒకసారికి ఒక్క మార్పే చేస్తారు. చేసినది వ్రాసి పెట్టుకుంటారు. పడవ ఇంజనుకూ ఇదే మేలైన దారి. ప్లగ్గు, ఫిల్టరు, గొట్టము ఒకే రోజు మార్చేస్తే అసలు జబ్బు ఏదో తెలియదు. బయలుదేరిన ఎన్ని నిమిషాలకు ఆగింది, ఉన్నట్టుండి ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా, ఎంతసేపటికి తిరిగి అందుకుంది అన్నవి ఒక నోటు పుస్తకములో వ్రాయండి. దగ్గి ఆగితే మొదట పెట్రోలు దారిని, ఒక్కసారిగా ఆగితే ప్లగ్గు, వైర్లు, స్విచ్చిలను అనుమానించాలి.

పెట్రోలు దారి

విడి ట్యాంకు ఉన్న పెట్రోలు ఇంజనుకు గొట్టము మధ్యలో రబ్బరు బంతి ఒకటి ఉంటుంది. ఇంజను ఆగబోతున్నప్పుడు దానిని నొక్కి చూడండి. వెంటనే పుంజుకుంటే, పెట్రోలు సరిగా అందడం లేదని అర్థము. బంతి చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రము మూసి ఉండవచ్చు, లేదా ట్యాంకు వైపు దారి పూడి ఉండవచ్చు. గాలి మర తిప్పితే పోయే జబ్బుకు కార్బురేటరు కొనడం ఎందుకు?

తరువాత ట్యాంకు అడుగు నుండి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. నీరు ఉంటే అడుగున వేరే పొరగా తేలుతుంది. 2025 నాటికి మన దేశములో పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పాత ఇంజనుల రబ్బరు గొట్టాలను కూడా ఇథనాల్ పాడుచేయగలదు. డీజిలు ఇంజను అయితే ఫిల్టరులో నీరు, గొట్టాలలో చేరిన గాలి ముందుగా చూడదగినవి.

చల్లదనము

నీటితో చల్లబడే ఔట్‌బోర్డు ఇంజను నడుస్తున్నప్పుడు ప్రక్కనుండి సన్నని నీటి ధార వస్తుండాలి. ధార తగ్గితే వెంటనే ఇంజను ఆపాలి. గుర్రపుడెక్క, పాలిథిన్ సంచి నీరు పీల్చే రంధ్రానికి అడ్డుపడి ఉండవచ్చు. లోపల నీటి పంపులోని రబ్బరు చక్రము అరిగి ఉండవచ్చు. ఆ చక్రము ఖరీదు తక్కువే. దానిని నిర్లక్ష్యము చేస్తే వేడికి పిస్టను పట్టేసి ఇంజనే పోతుంది. ఉప్పునీటిలో నడిపిన ప్రతిసారీ మంచినీటితో లోపల కడగాలి.

ఖాళీగా ఉన్న రోజులు

తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవల వేటకు నిషేధము ఉంటుంది. ఈ సెలవులోనే ఇంజను పాడవుతుంది. నిలువ పెట్రోలు జిగురై కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. కావున వేట ఆపిన రోజునే పెట్రోలు తీసివేసి, ఇంజనును కడిగి ఆరబెట్టి, నీడలో నిలువుగా ఉంచండి. అరిగిన భాగాలు బాగు చేయించుకోవడానికి కూడా ఇదే తగిన సమయము.

కొనేముందు

పాత ఇంజను కొనేటప్పుడు అది చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన లోపాన్ని దాచగలదు. ప్రతి సిలిండరులో ఒత్తిడి కొలిపించండి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే బేరము వదులుకొనుటే మేలు. అరగంటైనా నీటిలో బరువుతో నడిపించి చూడండి.

ఇన్ని చేసినా యంత్రము యంత్రమే. తెడ్లు, లంగరు, త్రాగునీరు, మనిషికొక లైఫ్ జాకెట్టు లేకుండా ఒడ్డు విడువకండి. ఎటు వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లండి. సముద్రములో ఆపద కలిగితే కోస్ట్ గార్డు వారి నంబరు 1554. అది పడవలోనూ, ఇంటి గోడ మీద కూడా వ్రాసి ఉండాలి.

పట్నములో ఉన్న బిడ్డలకు ఒక మాట. ఇంజను మళ్లీ ఆగిందని ఇంటినుండి ఫోను వస్తే, ఎంత పంపమంటారని అడిగే ముందు, పుస్తకములో ఏమి వ్రాశారని అడగండి. ఆ ప్రశ్న మీ జీతాన్నీ, తండ్రి ప్రాణాన్నీ కాపాడవచ్చు.