అడవా, గడ్డి నేలా? మట్టిని అడిగితే చెబుతుంది

పోయిన వానాకాలానికి ముందు మా ఊరి గడ్డి బీడులో చెట్లు నాటుదామని నేనే ముందుకొచ్చాను. గుంతలకు ముగ్గు కూడా పోశాం. గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన వచ్చి, "బాబూ, మా తాతల నాటి నుంచీ ఇది గడ్డి నేలే. ఎప్పుడు అడవి ఉందని మళ్లీ అడవి చేస్తానంటున్నావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డిప్లొమాలో చదివిన సి3, సి4 పాఠం ఆ రాత్రి గుర్తొచ్చింది. వీడియోలో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

మొక్క వదిలే గుర్తు

గాలిలోని కార్బన్‌లో 100కి దాదాపు 99 పాళ్లు కార్బన్-12. ఒక పాలు మాత్రం కొంచెం బరువైన కార్బన్-13. వరి, కంది, పత్తి, వేరుశనగ, వేప, మామిడి, అడవి చెట్లు దాదాపు అన్నీ సి3 రకం. ఇవి బరువైన కార్బన్‌ను బాగా తగ్గించి తీసుకుంటాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు, సజ్జ, కొర్ర, మన మెట్ట నేలల గడ్డి చాలావరకు సి4 రకం. ఇవి అంత తేడా చూపించవు. ల్యాబ్‌లో కొలిస్తే సి3 మొక్కకు సుమారు మైనస్ 27, సి4 మొక్కకు సుమారు మైనస్ 13 వస్తుంది.

ఆకులు, వేర్లు కుళ్లి మట్టిలో కలిసినా ఈ గుర్తు పెద్దగా చెరిగిపోదు. మట్టి మైనస్ 20 చూపిస్తే అందులో కార్బన్ సుమారు సగం చెట్లది, సగం గడ్డిది. లోతుకు పోయేకొద్దీ పాత కార్బన్ దొరుకుతుంది. దానికి రేడియోకార్బన్‌తో వయసు కడితే ఆ నేల చరిత్ర బయటపడుతుంది.

నీలగిరులు ఏం చెప్పాయి?

నీలగిరుల పైభాగాన మడతల్లో షోలా అడవి, వాలుల్లో గడ్డి ఉంటాయి. అడవి నరికేయడం వల్లే ఆ గడ్డి వచ్చిందని కొందరి వాదన. బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన ఆర్. సుకుమార్, ఆయన సహచరులు అక్కడి బురద పల్లాల్లో పేరుకున్న పాత మొక్కల పొరలను పరీక్షించి, 1993లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ఇచ్చారు. దాదాపు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, అక్కడ గడ్డిదే పైచేయి. తర్వాత వానలు పెరిగి చెట్ల జాతులు పుంజుకున్నాయి. మళ్లీ ఎండు కాలం వచ్చి గడ్డి పెరిగింది. అంటే గొడ్డలి కంటే ముందే అక్కడ గడ్డి ఉంది. అలాంటి నేలల్లోనే తర్వాత తుమ్మ జాతి వాటిల్, యూకలిప్టస్ నాటేసి చాలా గడ్డిని పోగొట్టుకున్నాం.

మన పొలంలో జాగ్రత్త

ఈ పరీక్షకు జొన్న, గడ్డి రెండూ ఒకటే. కాబట్టి జొన్న పండించిన చేలో వచ్చిన నంబర్ చూసి ఇది పాత గడ్డి నేల అనుకోకూడదు. నల్లరేగడిలో సున్నం ఉంటే ముందు ఆమ్లంతో తీసేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. లోతు పొరల్లో నంబర్ దానంతట అదే కొంచెం మారుతుంది కూడా.

మనం చేయించే సేంద్రియ కార్బన్ పరీక్ష ఎంత ఉందో చెబుతుంది, ఎవరిదో చెప్పదు. ఏళ్ల తరబడి పత్తి, కంది మాత్రమే వేసిన చేలో జొన్న మొదలుపెడితే, మారిన నంబర్ బట్టి జొన్న వేర్లు, మోళ్లు ఎంత కార్బన్ ఇచ్చాయో అంచనా కట్టొచ్చు.

మా బీడు మట్టిని ఇంకా పరీక్షకు పంపలేదు. కానీ ఆ గుంతలు తవ్వలేదు. మొక్కలన్నీ పొలం గట్ల మీద పెట్టాం. మీరూ బీడులో గడ్డపార వేసే ముందు అక్కడ పశువులు మేపేవాళ్లను ఒక మాట అడగండి.