నేపాళ మాంత్రికుడికి వయసు మీద పడిందా?

1957లో వచ్చిన 'మాయాబజార్'లో కెమెరాతో పనిలేని మాయ ఒకటుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్లికూతురై కూర్చుంటాడు. తెర మీద ఉన్నది సావిత్రి ఒక్కతే. నగలూ, పూలజడా అన్నీ ఆడపిల్లవే. చుట్టూ ఉన్నవాళ్లు అటు తిరగ్గానే భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, కనుబొమ్మలు అచ్చం ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు కనుబొమ్మలైపోతాయి. ఎవరో చూస్తున్నారనగానే మళ్లీ ఎక్కడలేని సిగ్గూ ముంచుకొస్తుంది. ఆ చీరలో ఉన్నది రాక్షసుడేనని ఐదేళ్ల పిల్లకి కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన పాత జానపదాలూ, మాయలూ మంత్రాల సినిమాలూ ఇవాళ చూడదగ్గవేనా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ ఘట్టం పేరే చెబుతాను. అడిగేవాళ్లకు విదేశాల్లో స్థిరపడ్డ మన మధ్య కొదవలేదు. పిల్లలు డ్రాగన్లనూ, మంత్రాల బడులనూ చూస్తూ పెరిగారు. పెద్దవాళ్లం 'బాహుబలి'ని ఇక్కడి పెద్ద తెరల మీద చూసి మురిసిపోయాం. ఇప్పుడు నలుపు తెలుపు బొమ్మ ముందు కూర్చోమంటే మొహమాటానికి పది నిమిషాలు కూర్చుని ఫోను తీస్తారు. మనమేమో 'మా రోజుల్లో' అంటూ మొదలుపెడతాం. ఆ వాదన ఎవరినీ కూర్చోబెట్టదు. మన చిన్నతనం మీద మనకున్న మమకారం పిల్లలకెందుకుంటుంది? సినిమా తన కాళ్ల మీద తాను నిలబడాలి.

'పాతాళ భైరవి' నిలబడుతుంది. 1951లో విజయా వారు తీశారు. కె.వి. రెడ్డి దర్శకుడు, రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లీ. కథలో కాశీమజిలీ కథల ఛాయ ఉంది, అల్లావుద్దీన్ దీపం పోలికా ఉంది. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు. నా అంతటి సంపద తెచ్చుకుని రమ్మంటాడు రాజు. (ఉద్యోగం, ఇల్లు, వీసా అడిగే నేటి మామగార్లకు ఆ రాజు పెద్దన్నయ్య.) సంపద కోసం బయల్దేరిన తోటరాముడు, బలికి తగ్గ కుర్రవాడి కోసం వెతుకుతున్న నేపాళ మాంత్రికుడి చేతికి చిక్కుతాడు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ పట్టి ఉంచేది మహిమ కాదు, మహిమకున్న కట్టుబాటు. పాతాళ భైరవి బొమ్మ ఎవరి చేతిలో ఉంటే భైరవి వాళ్ల మాట వింటుంది. మంచివాడా చెడ్డవాడా అని ఆరా తియ్యదు. రాముడు అడిగితే మేడ కట్టించిపెట్టిన ఆ శక్తే, బొమ్మ చేతులు మారగానే అతని సర్వస్వాన్నీ ఎత్తుకుపోతుంది. ఎవరి పక్షమూ పట్టని దైవాన్ని కథ నడుమ నిలబెట్టడం చిన్న సాహసం కాదు. దానివల్ల నాయకుడికి బలం కంటే తెలివి అవసరమైంది. చివరికి కార్యం చక్కబెట్టేది కత్తి కూడా కాదు. గడ్డం తీస్తే రాకుమారి మెచ్చుతుందని మాంత్రికుణ్ని నమ్మించే స్నేహితుడు అంజిగాడి మాటకారితనం. ఆ వేషం వేసిన నటుడు బాలకృష్ణకు జీవితాంతం 'అంజిగాడు' అనే పేరే నిలిచిపోయింది. కొత్త చిత్రాలు చాలావాటిలో కథానాయకుడికి అవసరమైనప్పుడల్లా కొత్త శక్తి వచ్చిపడుతుంది. హద్దు లేని మహిమ దగ్గర ప్రేక్షకుడికి బెంగపడే పనే ఉండదు.

మాంత్రికుడిగా రంగారావుకు అప్పటికి నిండా ముప్పై మూడేళ్లు లేవు. ఆ గడ్డం, నడక, మాటను సాగదీసి చివర్న కొరికినట్టు విరిచే ఉచ్చారణ కలిసి ఓ వింత మనిషిని నిలబెట్టాయి. క్రూరుడే, కానీ నవ్విస్తాడు. ప్రేమలో పడి గడ్డం తీయించుకునేంత వెర్రివాడు కూడా. ఇంత ఇష్టంగా చూడగలిగే దుర్మార్గుడు మనకు తరువాత ఎంతమంది దొరికారో లెక్కపెట్టుకుంటే వేళ్లు మిగులుతాయి.

ట్రిక్కుల సంగతికి వద్దాం, ఎందుకంటే పిల్లలు ముందు నవ్వేది వాటినే. అప్పట్లో కెమెరా మాయ అంటే ఓపిక. లెన్సు ముందు కొంత భాగం మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి తిప్పి తక్కిన భాగం తెరిచి ఇంకోసారి తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పాడైనట్టే. 1961లో వచ్చిన 'సీతారామ కల్యాణం'లో రావణుడి పదితలలు చూపించిన రవికాంత్ నగాయిచ్ ఆ విద్యలో దిట్ట. అదే ఏడాది వచ్చిన 'జగదేకవీరుని కథ'లో, గానంతో శిల కరిగించే ఘట్టంలో, ఒకే చట్రంలో పాడే ఎన్టీఆర్, వాయించే ఎన్టీఆర్లూ కనిపిస్తారు. బార్ట్లీ పని అది. ఇవాళ ఫోనులో పిల్లలు చేసేస్తారు, నిజమే. కానీ ఆ వరుసలో ప్రతి ఎన్టీఆర్ పక్కవాడి తాళానికి తగ్గట్టు తల ఊపుతున్నాడు చూడండి. అది ఫోను నేర్పేది కాదు.

'మాయాబజార్' నౌకావిహారంలో వెన్నెల కూడా బార్ట్లీ వెలిగించిన దీపాలదే. అయినా ఇప్పటికీ అది వెన్నెలలాగే ఉంటుంది. దీని పక్కన 2004 నాటి 'అంజి'ని పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చుకున్న సినిమా అది, ఆ రోజుల్లో అందరూ నోరు తెరుచుకు చూశాం. ఇప్పుడు ఆ గ్రాఫిక్సే ముందుగా ముసలివైపోయాయి. యాభై మూడేళ్లు పెద్దదైన 'పాతాళ భైరవి' తన పుట్టుక అంతగా దాచుకోలేదు కనుక అంతగా మోసపోయిన భావనా కలిగించదు. అక్కడ ట్రిక్కు నటుడికి పక్కవాద్యం. పక్కవాద్యం పాతబడ్డా పాట వినిపిస్తూనే ఉంటుంది.

అలాగని అన్నీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. విఠలాచార్య సినిమాలు నాకు ఇష్టమే, కానీ వరసగా రెండు చూడలేను. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగువారి జానపద బ్రహ్మ అయిన ఆయన పొదుపుకు పెట్టింది పేరు. డేట్లు ఇవ్వని నటుణ్ని కథలో చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు నడిపించేవారని సరదాగా చెప్పుకుంటారు. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యం తన కాలినే కట్టెగా పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ ఒక్క ఊహ కోసం ఆ సినిమా చూడొచ్చు. మిగతా రెండు గంటలూ చూడాలా అంటే నేను మాట్లాడను.

అసలు చిక్కు ట్రిక్కులతో కాదు, ఆడవాళ్ల విషయంలో వస్తుంది. 'జగదేకవీరుని కథ'లో నాయకుడు నలుగురు కన్యలను కలగని, నలుగురినీ పెళ్లాడతాడు. దేవకన్య చీర దాచి ఆమెను భూమ్మీద నిలుపుతాడు. ఇక్కడ పుట్టి పెరిగిన ఆడపిల్ల పక్కన కూర్చుని చూస్తే ఆమె ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. 'అప్పటి కథలంతే' అని దాటెయ్యకుండా ఆ ప్రశ్నకు సినిమా ఆపి జవాబు చెప్పాల్సిందే. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' తీసినవాళ్లు చీర బదులు ఇంద్రజ ఉంగరం పోగొట్టారు. అప్పటికే ఎవరికో ఇబ్బందిగా తోచిందేమో అని నా ఊహ. 'మాయాబజార్' ఈ విషయంలో మెరుగు. అక్కడ శశిరేఖకు ఎవరు కావాలో ఆమెకు మొదటినుంచీ తెలుసు, కృష్ణుడూ ఘటోత్కచుడూ కలిసి చేసే కుట్రంతా ఆమె కోరిక నెరవేర్చడానికే.

నిడివి ఇంకో ఇబ్బంది. రిహార్సల్సులోనే స్టాప్‌వాచీ పట్టుకుని సన్నివేశం పొడవు లెక్కగట్టేవారని పేరున్న కె.వి. రెడ్డి సినిమాలే మూడు గంటలు దాటుతాయి. ఇంటర్వెల్ దగ్గర ఆపి, మిగతాది మర్నాడు చూడటంలో తప్పేం లేదు. 'మాయాబజార్'కు 2010లో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది విడుదల చేసింది, నిడివీ కొంత తగ్గింది. పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది పనికొస్తుంది. నా ఓటు మాత్రం నలుపు తెలుపుకే. బార్ట్లీ వెలుగునీడలు అమర్చింది ఆ రెండు రంగులకోసమే కదా.

మనలాంటివాళ్లకు ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ ముందు ఊహించరు. తెలుగు అర్థమై, మాట్లాడటానికి తడబడే మన పిల్లలకు ఈనాటి సినిమాల్లో సంభాషణ అందదు. యాసలూ వేగమూ సంగీతం హోరూ కలిసి మాటను మింగేస్తాయి. రంగారావు, సి.ఎస్.ఆర్, గుమ్మడి ఒక్కో అక్షరం విడిచి పలుకుతారు. పదం కొత్తదైనా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవికి తెలుస్తుంది. 'మాయాబజార్'లో శకునిగా సి.ఎస్.ఆర్ పాచికల గురించి మాట్లాడే ఘట్టం ఒక్కటి చాలు, అర్థం కాని మాటకు కూడా పిల్లలు నవ్వడం మొదలుపెడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నేను 'భైరవద్వీపం' అంటాను. 1994 సినిమా, రంగుల్లో ఉంటుంది, మూడు గంటల భయం లేదు. తీసిన సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా 'మాయాబజార్'కు పనిచేసినవాడు. నిర్మించింది 'చందమామ' పత్రిక నడిపిన నాగిరెడ్డిగారి కుటుంబమే. అందులో నందమూరి బాలకృష్ణ రాకుమారి ప్రాణం కోసం తన అందాన్ని వదులుకుని కురూపి అవుతాడు. మాస్ హీరో చాలాసేపు ఆ ముఖంతోనే తిరుగుతాడు. ఇక్కడ కూడా మహిమకు వెల ఉంది, ఆ వెల నాయకుడే చెల్లించాడు. అది నచ్చిన పిల్లలకు తరువాతి వారం తోటరాముణ్ని పరిచయం చెయ్యండి. 'జగదేకవీరుని కథ' మాత్రం వాళ్లు వాదించే వయసుకు వచ్చాక.