కుటుంబ చరిత్రలో సామాన్య దంపతులు: నేటాలు ఓడపట్టికల సాక్ష్యము

వంశచరిత్ర రచన తెలుగువారికి క్రొత్తది కాదు. ప్రబంధముల అవతారికలలో కృతిపతుల వంశములను, కైఫీయత్తులలో పాళెగాండ్ర వంశములను మనవారు విస్తరముగా వ్రాసియుంచిరి. కాని వానిలో చోటు దొరకినది కృతి నందగలవారికి, శాసనము వేయింపగలవారికి మాత్రమే. కూలినాలి చేసి బ్రదికిన ఆలుమగల చరిత్ర వ్రాయబూనిన వానికి స్వదేశమున లభించు ఆధారము లత్యల్పములు. ఊరు విడిచి సముద్రము దాటిన దంపతులను గూర్చి మాత్రము అంతకంటె నెక్కువ తెలియుచున్నది. దక్షిణాఫ్రికాలోని నేటాలు ఇందులకు మంచి యుదాహరణము.

1860 అక్టోబరులో చెన్నపట్టణమున బయలుదేరిన ‘ట్రూరో’ యను ఓడ నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. అది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరిన భారతీయులు 1,52,184 మంది. వీరిలో అధికసంఖ్యాకులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారే. తమిళులతోపాటు తెలుగువారును వారిలో పెక్కురు. ప్రతివ్యక్తికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపైని గుర్తులు పట్టికలో నెక్కించిరి. నాయికను ఆపాదమస్తకము వర్ణించిన మన కావ్యములలో కూలిస్త్రీ మోకాలిమచ్చకు చోటు లేదు. గుమాస్తా పట్టికలో కలదు.

అయినను ఈ పట్టికలను యథాతథముగా విశ్వసింపరాదు. పేర్లు గుమాస్తా చెవికి సోకినట్లు ఆంగ్లలిపి కెక్కినవి. ఇంటిపేరు సాధారణముగా ఓడ యెక్కకమునుపే జారిపోయినది. తరువాతి తరములలో కొందరికి తాతపేరే ఇంటిపేరైనది. కొందరికి నాయుడు, రెడ్డి వంటి గౌరవపదములే ఇంటిపేర్లుగా నిలిచినవి. జిల్లాపేరు విషయమునను జాగరూకత వలయును. చిత్తూరు జిల్లా 1911లో నేర్పడినది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. కావున ‘ఉత్తరార్కాటు’ అని యున్నంతమాత్రమున ఆ దంపతులు తమిళు లనుట తొందరపాటు.

భార్యకును తండ్రిపేరు వ్రాయుట పరిశోధకునకు గొప్ప మేలు. మన వంశవృక్షములలో కోడలిగా ప్రవేశించి, పుట్టినింటి జాడ తెలియకుండ మిగిలిపోవు స్త్రీకి ఇచ్చట పుట్టినింటి గుర్తొకటి దొరకుచున్నది. కాని ‘భార్య’ యను మాటయే ప్రశ్నింపదగినది. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండవలెనని నియమముండుటచే, ఆ లెక్కకు స్త్రీలను సమకూర్చుట కూలీలను చేర్చువారి పని యయ్యెను. ఊరిలో పెండ్లియాడి వచ్చినవారితోపాటు, డిపోలో నొకరినొకరు ఎరిగి దంపతులుగా వ్రాయించుకొన్నవారును ఉండిరి. వారి కాపురములు తక్కువవి యనుటకు నాకు కారణము కనబడదు. ఆ తెలియని దేశమున తోడొకటి యవసరమగుట సహజమే గదా.

ఇక వారి జీవనము. ఒప్పందము ఐదేండ్లు. పురుషునకు మొదటియేట నెలకు 10 షిల్లింగులు. ఏటేట నొక్కొక షిల్లింగు పెరిగి ఐదవయేట 14. స్త్రీకి అందు సగము. 1895నాటి శాసనము వీరి సంసారమును మరింత బిగించినది. మరల ఒప్పందమునకు కట్టుబడక, స్వదేశమునకును పోక అచటనే నిలిచినవారు తలకు ఏటా 3 పౌండ్లు చెల్లింపవలసివచ్చెను. ఆలుమగలకు కలసి 6 పౌండ్లు, అనగా 120 షిల్లింగులు. నెలకు 14 షిల్లింగుల కూలికి ఎనిమిదినెలల సంపాదనకంటె నెక్కువ. 1903లో పదునారేండ్లు నిండిన కొడుకులకు, పదుమూడేండ్లు నిండిన కూతుండ్రకు సైతము ఈ పన్ను విస్తరించెను. ఒక కుటుంబము ఒప్పందము వెంట ఒప్పందము వ్రాసికొనుచు పోయినట్లు కనబడినచో, దానిని తోటపై మమకారముగా గాక ఈ లెక్కతో చూడవలెను.

1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు ఇంకొక దెబ్బ. బహుభార్యాత్వమును అనుమతించు మతవిధుల ననుసరించి జరిగిన పెండ్లిండ్లు అచటి చట్టముచే గుర్తింపబడవని దాని సారాంశము. ఊరిలో బంధువుల యెదుట మంగళసూత్రము కట్టించుకొన్న స్త్రీ, పరదేశమున చట్టము దృష్టిలో భార్య యగునో కాదో తెలియని స్థితి యేర్పడెను. ఆ యేటి సత్యాగ్రహమున స్త్రీలు చెరసాలలకు పోవుటకు ఇది ముఖ్యకారణము. 1914నాటి భారతీయుల ఉపశమన శాసనము 3 పౌండ్ల పన్నును రద్దుచేసి, ఏకపత్నీకమైన వివాహములను నమోదు చేయించుకొన్నచో చెల్లునని యంగీకరించెను.

కావున ఒక కుటుంబపు కాగితములలో 1914 తరువాతి వివాహ నమోదు పత్రము దొరకి, పెద్దబిడ్డ యప్పటికే యెదిగియున్నట్లు తెలిసినచో, ఆ తేదీని పెండ్లితేదీగా గ్రహింపరాదు. ఆ బిడ్డ జననమును శంకింపనురాదు. ఆ తేదీ చట్టము వారి యింటికి వచ్చిన దినము. పెండ్లితేదీకై మరల ఓడపట్టికకే పోయి, ఇరువురి పేర్లు ప్రక్కప్రక్కన నున్నవేమో చూడవలెను.