పాత కారుకు ముఖం కట్టగలరా?

తెనాలి సూర్య శిల్పశాల గురించి వినే ఉంటారు. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, వాహనాల తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్లు ఇనుప తుక్కుతో చేసిన ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం దేశమంతటా వార్తయింది. తుక్కు కుప్పలో ఏ ముక్క ముక్కవుతుందో, ఏది చెంపవుతుందో పసిగట్టే కన్ను మన ఊళ్లోనే ఉందన్నమాట.

ఆ కన్నే పెట్టుబడిగా చేసే పని ఇంకోటి ఉంది. పాతకాలపు కారు ముందు భాగం పాడైపోతే బానెట్, మడ్‌గార్డులు, గ్రిల్, హెడ్‌లైట్ల గూళ్లను రేకుతో మళ్లీ చేత్తో తయారుచేయడం. దీనికి క్యాంపస్ ప్లేస్‌మెంట్ నోటీసు పడదు. విగ్రహానికీ దీనికీ ఒక్కటే తేడా. విగ్రహం ముక్కు అర అంగుళం అటూ ఇటూ అయినా శిల్పి సర్దేసుకోగలడు. కారు బానెట్ మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చిందా, మూత పడదు.

రేపల్లెలో ఒక హెరాల్డ్

రేపల్లెలో ఓ ఇంటి వసారాలో తాతగారి 1968 నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉందనుకుందాం. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసిన కారు. రూపం ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టిది. దీని ప్రత్యేకత ఏంటంటే బానెట్, రెండు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్కలా ముందుకు తెరుచుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, రిపేరుకి మాత్రం నరకం. ఒక మూల తుప్పు పడితే ముఖమంతా విప్పాల్సిందే. అటు నిజాంపట్నం, ఇటు బాపట్ల సూర్యలంక. మధ్యలో ఉప్పుగాలి రేకును ఊరికే వదలదు కదా. కంపెనీ మూతపడి చాలా కాలమైంది కాబట్టి కొత్త బానెట్ షాపులో దొరకదు. చేసుకోవాలి.

మొదటి పని సుత్తి పట్టడం కాదు, కొలవడం. కారులో బాగున్న పక్క నుంచి, లేదంటే అదే మోడల్ ఇంకో కారు నుంచి అట్టముక్కలతో వంపుల అచ్చులు తీస్తారు. ప్రతి పది సెంటీమీటర్లకూ ఒక అచ్చు. వాటి ప్రకారం ప్లైవుడ్ పలకలు కోసి, వరసగా నిలబెడితే కారు ముఖం అస్థిపంజరంలా తయారవుతుంది. దీన్ని ‘బక్’ అంటారు. చేసే రేకును ఎప్పటికప్పుడు దీనిమీద పెట్టి చూసుకుంటారు. ఇప్పుడు త్రీడీ స్కాన్ చేసి, క్యాడ్‌లో ముక్కలుగా కోసి, ఆ ప్లైవుడ్‌ను సీఎన్‌సీ మీద కత్తిరించే పద్ధతీ వచ్చింది. మెకానికల్ చదివినవాళ్లు లోపలికి రావడానికి తలుపు ఇక్కడే ఉంది. మంచి మేస్త్రికి చేతిలో పని ఉంటుంది, చాలాసార్లు డ్రాయింగ్ ఉండదు. విద్యార్థికి డ్రాయింగ్ ఉంటుంది, చేయి తిరగదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మాత్రం అరుదు.

రేకు సాధారణంగా 20 గేజ్, అంటే సుమారు 0.9 మి.మీ. సీఆర్ షీటు. ఇందులోనూ లోతుగా సాగే గ్రేడు అడిగి తీసుకోవాలి. మామూలుది వంపు దగ్గర చిట్లుతుంది.

అసలు విద్య ఆ వంపులోనే ఉంది. కాగితాన్ని గొట్టంలా చుట్టొచ్చు, బంతికి చుట్టబోతే ముడతలు పడుతుంది. హెడ్‌లైటు చుట్టూ ఉండే ఆకారం గొట్టం కాదు, బంతి. రెండు వైపులా వంగాలి. అంటే మధ్యలో రేకును సాగదీయాలి, అంచుల్లో కుదించాలి. రేకు బిందె కొట్టే కంచరి చేసేదీ ఇదే. ఇసుక సంచి మీద చెక్క సుత్తితో దింపుతారు. తర్వాత ఇంగ్లిష్ వీల్ అనే రెండు చక్రాల మధ్య అటూ ఇటూ లాగి నునుపు చేస్తారు. చివర్లో వెనక డాలీ ఆనించి, ముందు నుంచి చిన్న సుత్తి. ఎక్కువ కొడితే రేకు సాగిపోయి, వేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది. అలా అయిందంటే వేడిచేసి కుదించాలి, అది ఇంకో పెద్ద పని.

ముక్కలను అతికేటప్పుడు ఒకే గీతగా వెల్డింగ్ లాగేస్తే వేడికి రేకు మెలితిరుగుతుంది. దూరం దూరంగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, కారుకు బిగించి, తలుపుతో సందు సరిగా ఉందో లేదో చూసి, అప్పుడు మిగతాది. టిగ్ అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తితో సర్దుకోవచ్చు. మిగ్ అతుకు గట్టిది, గ్రైండింగే దిక్కు. ఇక పుట్టీ. రెండు మూడు మిల్లీమీటర్లు దాటి పూసిన పుట్టీ కొన్నాళ్లకు పగులుతుంది. లోపల నీరు చేరి, మళ్లీ తుప్పు. పుట్టీ ఎంత పడిందో చూస్తే మేస్త్రి పనితనం తెలిసిపోతుంది.

ముఖం మార్చొచ్చా?

‘అన్నా, ముందు వేరే డిజైన్ పెట్టేద్దాం’ అనే కస్టమర్ తప్పకుండా వస్తాడు. అప్పుడు చట్టం తెలిసుండాలి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. రోజువారీగా, వ్యాపారానికి తిప్పకూడదు. ముఖ్యంగా చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. మన హెరాల్డ్‌కు అసలు రూపాన్నే తిరిగి కడితే ఇబ్బంది లేదు. దానికి స్పోర్ట్స్ కారు మూతి పెడితే ఆ హోదా పోయే ప్రమాదం ఉంది. మామూలు కార్లకూ మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి పని ఒప్పుకునే ముందే ఆర్‌సీ చూడండి, పాత ఫొటోలు అడగండి, చేయబోయేది కాగితం మీద రాయించుకోండి.

ఊహకు హద్దుల్లేని రూపాలు చూడాలనుంటే హైదరాబాద్‌లో సుధాకర్ పెట్టిన సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లండి. బూటు, బర్గర్, క్రికెట్ బంతి... అన్నీ కార్లే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్ కూడా చూడండి. ఆ రోజుల్లో కంపెనీ చాసిస్ ఇచ్చేది, బాడీ వేరే కోచ్ బిల్డర్ కట్టేవాడు. ఆ కారు బాడీ లండన్‌లోని బార్కర్ సంస్థది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు ఇవాళ్టికీ చేస్తున్నది ఈ పద్ధతే.

ఎలా మొదలుపెట్టాలి?

నిజం చెప్పాలంటే, కేవలం వింటేజ్ కార్లనే నమ్ముకుంటే మన జిల్లాల్లో పూట గడవదు. అవి ఏడాదికి ఎన్ని వస్తాయని? కానీ ఆ పని వచ్చిన చేతికి డీలర్ల బాడీ షాపుల్లో, బస్ బాడీ యూనిట్లలో, కొత్త వాహనాల నమూనాలు తయారుచేసే చోట్ల చోటుంటుంది. ఐటీఐలో షీట్ మెటల్ వర్కర్, వెల్డర్, మెకానిక్ ఆటో బాడీ రిపేర్ ట్రేడులు ఏడాదివి. వరల్డ్ స్కిల్స్ పోటీల్లో ఆటో బాడీ రిపేర్ ఒక విభాగం. బాపట్లలోనో గుంటూరులోనో మెకానికల్ డిప్లొమా, బీటెక్ చేస్తున్నవాళ్లకు వాహన బీమా సర్వేయర్ దారి కూడా ఉంది. దెబ్బతిన్న రేకును చూసి బాగుపడుతుందా, మార్చాలా అని చెప్పగలగడమే అక్కడి నైపుణ్యం. ‘బీటెక్ చదివి టింకరింగా?’ అని ఇంట్లో అంటారు. అంటారనే ముందే చెబుతున్నా. మొదటి ఒకటి రెండేళ్లు డబ్బులు తక్కువ, చెవులకు మోత. గాల్వనైజ్డ్ రేకు వెల్డింగ్ పొగకు జ్వరం వస్తుంది. గట్టిపడే మందు కలిపే పెయింట్లకు బట్ట మాస్కు చాలదు, సరైన రెస్పిరేటర్ ఉండాలి.

ఓపిక ఉందో లేదో సెలవుల్లో తేల్చుకోవచ్చు. పాత ఇనుము కొట్టులో ఏదైనా కారు మడ్‌గార్డు తూకానికి కొనండి. అరచేతంత ముక్క కోసి తీసేయండి. తీసేముందు అట్టతో అచ్చులు తీసుకోవడం మరవద్దు. 20 గేజ్ రేకుతో ఆ ముక్కను మళ్లీ చేయండి. మొదటిది పాడవుతుంది, రెండోదీ పాడవుతుంది. నాలుగోదో ఐదోదో అతికాక, పుట్టీ పూయకుండా, రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద పెట్టి పక్క నుంచి చూడండి. అతుకు మీదుగా వెళ్లే లైటు గీత ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ ఇంకా పనుంది.