ఒక్క పికప్... ఎన్ని అర్థాలో!

'బండికి పికప్ లేదన్నా!'... విజయవాడ ఆటోనగర్‌లో లారీ దిగుతూనే డ్రైవరు అనే మాట. ఎక్సలేటరు తొక్కినా బండి ఊపందుకోవడం లేదని దానర్థం. మెకానిక్ ముందు చెవి పెట్టి వింటాడు. ఇంజిను మోత పెరిగినా బండి లాగకపోతే క్లచ్ ప్లేటు అరిగిందేమో చూస్తాడు. మోతే మందగిస్తే గాలి, డీజిల్ ఫిల్టర్లు విప్పుతాడు.

పక్క షెడ్డులో అదే మాటకు వేరే అర్థం. సరకులు మోసే చిన్న బండీ పికప్పే. బస్టాండు నుంచి పార్టీని తీసుకురావడమూ పికప్పే. 'బేరాలు పికప్ అయ్యాయి' అంటే గిరాకీ పుంజుకుందని. ఇంగ్లిషువాళ్లు ఫోన్‌నూ పికప్ చేస్తారు. మనం మాత్రం 'లిఫ్ట్' చేస్తాం!

'పిక్' అంటే ఏరడం, 'అప్' అంటే పైకి. ఈ రెండూ కలిస్తే ఇన్ని అర్థాలెలా వచ్చాయో విడమరచి చెప్పడం కష్టం. పరీక్షలో ఇలాంటి ఖాళీలు పూరించలేక పదో తరగతితో చదువాపేసిన కుర్రాడు, షెడ్డులో మాత్రం ఏ పికప్ ఏమిటో తడుముకోకుండా చెప్పేస్తాడు.

నిఘంటువులో ఈ మాటకు ఇంకో అర్థమూ ఉంది... ఎవరూ పాఠం చెప్పకుండానే చూస్తూ, వింటూ నేర్చుకోవడం. పానాలు అందిస్తూ అతను పని నేర్చుకున్నది అలాగే. ఇంగ్లిషూ అంతే!