బీఈడీలో చేరుతున్నారా? కాలేజీతో పాటు బడినీ చూడండి

ఎడ్‌సెట్‌ ర్యాంకు వచ్చిందో లేదో ఫోన్లు మొదలవుతాయి. ‘సీటు సంగతి మేం చూసుకుంటాం. కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు’ అంటాడు అవతలివాడు. ఓ పక్క ఉద్యోగం చేసుకుంటూనో, డీఎస్సీ కోచింగ్‌కి వెళ్తూనో ఇంకోపక్క పట్టా కూడా చేతికొస్తుందంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది. ఆ మాటకు తలూపే ముందు ఒక్క లెక్క చూసుకోండి. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల ప్రకారం బీఈడీకి ఏడాదికి కనీసం 200 పనిదినాలుండాలి. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. హాజరు లేకుండా పట్టా ఇప్పిస్తానన్నవాడు మొదట అబద్ధం రాయించేది మీ పేరు మీదే. రేపు తనిఖీ జరిగితే ఇబ్బంది పడేది కూడా వాడు కాదు, మీరు.

అసలు మీకు బీఈడీ కావాలా?

ఈ ప్రశ్న విడ్డూరంగా అనిపించొచ్చు. కానీ ‘టీచర్‌ ఉద్యోగం కావాలి, అందుకే బీఈడీ’ అనుకునేవాళ్లలో చాలామందికి మనసులో ఉన్నది చిన్నపిల్లల బడి. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్‌జీటీ పోస్టుకు బీఈడీ పనికిరాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. ఆ పోస్టుకు డీఈడీ (డీఎల్‌ఈడీ) ఉండాలి. బీఈడీతో హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్‌ అసిస్టెంట్‌ పోస్టులకు పోటీపడతారు. ఈ తేడా ఎంతటిదో పాత నోటిఫికేషన్లు చూస్తే తెలుస్తుంది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే ఎస్‌జీటీలు 6,508, స్కూల్‌ అసిస్టెంట్లు 2,629. ఆంధ్రప్రదేశ్‌ 2025 మెగా డీఎస్సీలో మాత్రం 16,347 పోస్టుల్లో స్కూల్‌ అసిస్టెంట్లే ఎక్కువ: 7,725. ఎస్‌జీటీలు 6,371. ఏ ఏడాది ఎన్ని వస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఎవరికి చెప్పాలని ఉందో ముందు మీకు మీరే తేల్చుకోవడం మేలు. ఆరో తరగతి పిల్లాడికి భిన్నాలు చెప్పడం వేరు, ఒకటో తరగతి పిల్లకు అక్షరాలు దిద్దించడం వేరు.

తర్వాత మెథడాలజీ. స్కూల్‌ అసిస్టెంట్‌ (గణితం) పోస్టుకు దరఖాస్తు చేయాలంటే డిగ్రీలో గణితం ఉంటే చాలదు, బీఈడీలోనూ గణితం మెథడాలజీ ఉండాలి. ఆంధ్రలో ఎడ్‌సెట్‌ దరఖాస్తులోనే సబ్జెక్టు ఎంచుకోవాలి కాబట్టి ఈ నిర్ణయం కౌన్సెలింగ్‌ దాకా ఆగదు. బీఎస్సీ ఎంపీసీ వాళ్లకు గణితం, భౌతికశాస్త్రం రెండు దారులూ ఉంటాయి. ‘ఈ కాలేజీలో గణితం నిండిపోయింది, సోషల్‌ తీసుకో’ అని ఎవరన్నా అంటే, కాలేజీనే మార్చుకోండి. మెథడాలజీ జీవితాంతం మీతో ఉంటుంది.

కాలేజీకి వెళ్లి ఏం అడగాలి?

భవనం, బస్సు, హాస్టల్‌ సంగతి అందరూ అడుగుతారు. మీరు మాత్రం ‘ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు?’ అని అడగండి. 2015లో కోర్సు రెండేళ్లయ్యాక బడిలో గడపాల్సిన కాలం కనీసం 20 వారాలైంది. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఆ పదహారు వారాలే బీఈడీకి గుండెకాయ. బడి పేరు టక్కున చెప్పగలిగితే ఒక మంచి గుర్తు. ‘మీ ఊళ్లో స్కూల్లోనే సంతకాలు పెట్టించుకు రండి’ అంటే సంగతి అర్థమైనట్టే.

రెండో ప్రశ్న: మీరు పాఠం చెప్తుంటే వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు? మెథడాలజీ లెక్చరర్‌ వచ్చి పాఠమంతా విని, ‘బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నావు, ముందు బెంచీ పిల్లల్నే అడుగుతున్నావు’ అని చెప్పే కాలేజీ దొరికితే ఫీజు కాస్త ఎక్కువైనా నష్టం లేదు. మన తప్పు మనకు వినిపించదు కదా! సీనియర్ల లెసన్‌ ప్లాన్‌ రికార్డు ఒకటి అడిగి తిరగేయండి. ఎర్ర ఇంకు దిద్దుబాట్లు ఉన్నాయా, ఒట్టి సంతకాలే ఉన్నాయా? బజార్లో రాసిపెట్టిన రికార్డులు అమ్ముతారన్నది తెలియని సంగతేమీ కాదు. అవే కొని పెట్టినా మార్కులు పడే చోట నేర్చుకునేదేమీ ఉండదు.

మూడోది అధ్యాపకుల లెక్క. వంద సీట్లున్న కాలేజీలో ప్రిన్సిపల్‌తో కలిపి 16 మంది పూర్తికాలం అధ్యాపకులుండాలి. వెబ్‌సైట్లో ఉన్న పేర్ల జాబితా ఫోన్లో తెరిచి, వాళ్లలో ఎంతమంది ఆ రోజు కనిపించారో చూడండి. మర్యాద తప్పేమీ కాదిది. రెండేళ్లు అక్కడ గడపాల్సింది మీరు.

ప్రభుత్వ కాలేజీలను చిన్నచూపు చూడొద్దు. హైదరాబాద్‌ మాసబ్‌ట్యాంక్‌లో, రాజమహేంద్రవరంలో ఉన్న ఐఏఎస్‌ఈలు, విశ్వవిద్యాలయాల సొంత విద్యా కళాశాలలు మొదటి ఆప్షన్లలో ఉండదగ్గవి.

ఇంటర్‌ పూర్తిచేసినవాళ్లకు ఇంకో దారి ఉంది. నాలుగేళ్ల సమీకృత కోర్సు (ఐటెప్‌) 2023-24లో మొదలైంది. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు కలిపి ఐదేళ్లయ్యేది నాలుగేళ్లలో పూర్తవుతుంది. ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్‌ను ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. వరంగల్‌ నిట్‌, హైదరాబాద్‌లోని మనూ ఈ కోర్సు నడుపుతున్నాయి. మైసూరులోని ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యాసంస్థ పరిధిలోకి మన రెండు రాష్ట్రాలూ వస్తాయి. అక్కడ క్యాంపస్‌లోనే బడి ఉండడం పెద్ద సౌకర్యం. అయితే పదిహేడేళ్లకే ‘నేను టీచర్నవుతా’ అని గట్టిగా అనుకున్నవాళ్లకే ఇది నప్పుతుంది. ఇంట్లోవాళ్లు చెప్పారని చేరితే రెండో ఏడాదికే మొహం మొత్తుతుంది.

దూరవిద్య బీఈడీ గురించి చాలామంది అడుగుతారు. ఇగ్నో బీఈడీ ప్రధానంగా ఇప్పటికే శిక్షణ పొందిన ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం. ఒట్టి డిగ్రీతో కుదరదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పాలనుకుంటే స్పెషల్‌ ఎడ్యుకేషన్‌ బీఈడీ ఉంది, దానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉండాలి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఈ రంగంలో పేరున్న జాతీయ సంస్థ. ఇటువైపు వెళ్లేవాళ్లు తక్కువ, బడుల్లో అవసరం మాత్రం చాలా ఉంది.

వెబ్‌ ఆప్షన్లు ఫ్రీజ్‌ చేసే ముందు, మీ జాబితాలో పైన ఉన్న రెండు మూడు కాలేజీలకు ఏదైనా పనిదినాన ఉదయం పదకొండింటికి చెప్పకుండా వెళ్లండి. వరండాలో మైక్రో టీచింగ్‌ వినిపిస్తే ఆ కాలేజీని పైన ఉంచండి. తరగతి గదులకు తాళాలు, ఆఫీసులో ఒక్క క్లర్కు కనిపిస్తే, బయటికి వచ్చాక బస్సు కోసం చూస్తూనే ఆ పేరు కొట్టేయండి.